ప్రెసిడెంట్ల వరసలో పెద్దమ్మ

నరసరావుపేటలో నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరు ఈ వారం ప్రహరీ గోడకు సున్నం వేయిస్తున్నాడు. అందరూ డబ్బాల్లో వచ్చే రంగులు వేసుకుంటున్నా ఆయన సున్నాన్ని వదలడు. ఇవాళ పొద్దున నేను పనిచేసే కాలేజీకి బయల్దేరి గేటు దగ్గరికి వచ్చేసరికి, పనివాళ్ళు సగానికి కోసిన డ్రమ్ములో పిడుగురాళ్ళ సున్నపు గడ్డలు వేసి నీళ్ళు పోస్తున్నారు. గడ్డలు బుసబుసమని పొంగాయి. తెల్లటి ఆవిరి లేచింది. దాని వెంటే ఆ వాసన వచ్చింది. ఎండలో కాలిన రాయి మీద మొదటి వాన పడినట్టు ఉంటుంది, కాస్త ఘాటుగా, ముక్కు చివర పట్టుకుని వదలకుండా. "మేడమ్, పక్కకి జరగండి, కళ్ళలో పడుద్ది" అన్నాడు పనివాడు. నేను గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాను. రోజూ ఎక్కే ఆటో నా ముందునుంచే వెళ్ళిపోయింది.

సున్నం వాసన వస్తే ఎవరికైనా పండగ ముందు రోజుల ఇల్లు గుర్తొస్తుందేమో. నాకు మా ఊరి వాగు గట్టున వరసగా ఉన్న ప్రెసిడెంట్ల సమాధులు గుర్తొస్తాయి. వాటికి ఏటా సున్నం వేసిన సీతారావమ్మ పెద్దమ్మ గుర్తొస్తుంది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. పేపర్లో ఆమె పేరు ఎప్పుడూ రాలేదు. పేపరు మాత్రం ఆమె ఇంటికి రోజూ వచ్చేది.

మా ఊరు గురజాల అవతల ఉంటుంది. పత్తి, మిరప, ఒకటి రెండేళ్ళు కాలవ నీళ్ళు బాగా వస్తే వరి. పంచాయతీ సర్పంచిని మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ ప్రెసిడెంటు అనే అంటారు. మా ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. ప్రెసిడెంటుగా చేసినవాళ్ళు పోతే, వాళ్ళ ఇంటి ఆచారం ఏదైనా సరే, కాల్చరు. వాగు గట్టున పూడ్చి సమాధి కడతారు. ఎందుకని అడిగితే తలా ఒక కారణం చెబుతారు. పెద్దమ్మ చెప్పిన కారణమే నాకు నచ్చింది. "కాలిస్తే గాల్లో కలిసిపోతాడే. ఇంక ఎక్కడని పోయి అడుగుతాం? పూడిస్తే ఎక్కడున్నాడో తెలుస్తది, ఎల్లి నిలేయొచ్చు."

అలా నిలదీయడానికి ఒక రోజు కూడా ఉంది. దసరా ముందు వచ్చే పెద్దల అమావాస్య నాడు ఊరివాళ్ళు ఆ సమాధులకు సున్నం వేసి, ఒక్కొక్క సమాధి ముందూ రెండు మాటలు పైకి చెప్పాలి. మొదటి మాట ఆ మనిషి ఊరికి చేసిన మంచి. రెండో మాట ఆ మనిషి చేసిన తప్పు. మామూలు మనుషుల సమాధుల దగ్గర రెండో మాట ఉండదు. పోయినవాళ్ళను చెడుగా అనకూడదని మా ఊళ్ళోనూ అంటారు. పెత్తనం చేసినవాళ్ళు మాత్రం రెండూ వినాల్సిందే. నాకు ఊహ తెలిసేసరికే ఈ పద్ధతి పలచబడిపోయింది. చాలామంది ఒక దండ వేసి, తమ పార్టీ మనిషికి దణ్ణం పెట్టి, అవతలి పార్టీవాడి సమాధి వైపు చూడకుండా వెళ్ళిపోయేవారు. విడవకుండా పట్టుకున్నది పెద్దమ్మ ఒక్కతే.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు, పక్కిల్లు. పొడగరి మనిషి. కళ్ళజోడు ఒక కాడ విరిగితే నల్లదారంతో చెవికి కట్టుకునేది. ఆమె భర్త సాంబయ్య పెదనాన్న ఒకసారి ప్రెసిడెంటుగా చేశాడు. తర్వాత ఆ సీటు ఆడవాళ్ళకు వచ్చినప్పుడు పెద్దమ్మను నిలబెట్టి గెలిపించాడు. అంటే ఐదేళ్ళు ఆమె కూడా ప్రెసిడెంటే. ఊళ్ళో ఎవరూ ఆమెను ఆ మాటతో పిలవలేదు. కుర్చీలో ఉన్న ఆ ఐదేళ్ళూ ఆమె 'ప్రెసిడెంటు గారి భార్య'. నేను పుట్టిన ఏడాదికి ఆమె పదవి అయిపోయింది, ఆ మరుసటి ఏడు సాంబయ్య పెదనాన్న గుండెపోటుతో పోయాడు. నేనెరిగిన పెద్దమ్మ ఒంటరిగా ఒక పెద్ద ఇంట్లో, రెండు గేదెలతో, రోజూ వచ్చే పేపరుతో ఉండేది. ఆమెకు చదువు కూడబలుక్కునేంతే వచ్చు. అందుకని మధ్యాహ్నం బడి వదలగానే నన్ను అరుగు మీద కూర్చోబెట్టి పేపరు చదివించేది.

నన్నే ఎందుకు ఎంచుకుందో ఎవరికీ అర్థం కాలేదు. ఊళ్ళో అందరిలోకీ నోరు లేని పిల్లను నేను. బడిలో హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ సార్' అన్న నా మాట నా ముందు బెంచీకి కూడా వినపడేది కాదు. క్లాసులోనే కూర్చుని ఎన్నోసార్లు ఆబ్సెంటు పడ్డాను. ఇంటికి చుట్టాలొస్తే ధాన్యం బస్తాల వెనక కూర్చుని పాత పత్రికలు చదువుకునేదాన్ని. మా అమ్మ దిగులుపడి ఒకసారి పెద్దమ్మతోనే అంది, "దీన్ని ఎవరికిచ్చి పంపినా మంచినీళ్ళు కావాలని కూడా అడగదు వదినా" అని. పెద్దమ్మ నా వైపు చూసి, "అడగొద్దులే, తోడుకుని తాగుద్ది. తోడుకోడానికి నోరెందుకు?" అంది. అమ్మ నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు.

ఆమె వెంట నేను మొదటిసారి సమాధుల దగ్గరికి వెళ్ళింది మూడో తరగతిలోనో, నాలుగులోనో. ఆమె సున్నం బకెట్టు, నేను కుంచె పట్టుకుని వాగు గట్టు ఎక్కాం. అప్పటికి వరసలో రెండే సమాధులు. మొదటిది పిచ్చయ్య గారిది, ఊరికి తొలి ప్రెసిడెంటు. రెండోది సాంబయ్య పెదనాన్నది. పెద్దమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, సున్నంలో కాస్త నీలిమందు కలిపి, పిచ్చయ్య గారి సమాధికి తలవైపునుంచి మొదలుపెట్టి కాళ్ళ దాకా వేసింది. కుంచె బకెట్లో పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా మనిషి కూర్చున్నట్టే మాట్లాడింది.

"పిచ్చయ్య మావా, ఊరికి బడి తెచ్చావు. నీ పుణ్యాన ఈ పిల్ల చదువుకుంటంది. ఆ బడిని తీసకపోయి నీ దొడ్డి పక్కన కట్టించావు. మీ గేదెలు బడి అరుగు మీదే పడుకునేయి. అది తప్పు." తర్వాత నా వైపు తిరిగింది. "ఇప్పుడు నువ్వు చెప్పు."

నేను కుంచె కాడను గట్టిగా పట్టుకున్నాను. 

"ఏమే, నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా? ఆయనేమన్నా లేచొచ్చి కొడతాడా? సచ్చిపోయినోడి ముందే మాట్లాడకపోతే బతికినోళ్ళ ముందు ఏం మాట్లాడతావే?"

"బడి బాగుంది" అన్నాను. చాలాసేపటికి, "బాత్రూమ్ లేదు" అన్నాను.

పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. "అదీ మాటంటే! ఇంకొంచెం గట్టిగా చెప్పు. మావకి చెవుడు. బతికున్నప్పుడే ఇనపడేది కాదు."

నేను ఇంకొంచెం గట్టిగా చెప్పాను. వాగు అవతల చేలో పత్తికి మందు కొడుతున్న మనిషి తలెత్తి చూశాడు. నా మాట విని ఒక మనిషి తలెత్తడం నా జీవితంలో అదే మొదలు.

తన భర్త సమాధి దగ్గర పెద్దమ్మ వరస మార్చి రెండో మాట ముందు చెప్పింది. "గెలిచిన రోజు మేళం తీసకపోయి గురవయ్యన్న ఇంటి ముందు ఆపావు. టపాకాయలు కాల్పించావు. లోపల ఆయన తల్లి జబ్బుతో పడుందని నీకు తెలుసు. అది తప్పు, వందసార్లు తప్పు." సమాధి మీద పడ్డ ఆకు తీసేసి, "రోడ్డేయించావు. పురిటినొప్పులొచ్చిన ఆడదాన్ని మంచం మీద మోసుకెళ్ళే బాధ తప్పింది" అంది. గురవయ్య అవతలి పార్టీ నాయకుడు. సాంబయ్య పెదనాన్న బతికున్నన్నాళ్ళూ వాళ్ళిద్దరికీ పడలేదు. పెదనాన్నది తూర్పు బజారు, ఆయనది పడమటి బజారు. మా ఊళ్ళో టీకొట్లు కూడా రెండు.

తిరిగి వస్తుంటే అడిగాను, "పెదనాన్నని అట్టా తిట్టావేంది?" అని.

"తిట్టలా. రెండు మాటలు చెప్పాను. ఒట్టి పొగిడి పంపిస్తే ఆయనకి అవమానం. చిన్నపిల్లల్ని పొగిడి పంపుతాం, ఏమీ తెలియనోళ్ళని పొగిడి పంపుతాం. పెత్తనం చేసినోణ్ణి అట్టా పంపరు. రేపు నేను పోయాక నాకూ రెండు చెప్పాలి."

"నువ్వు ప్రెసిడెంటువా?" అన్నాను. తెలియక అడిగిన మాటే అది.

పెద్దమ్మ బకెట్టు కింద పెట్టింది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. ఆమె వాగు వంక చూస్తూ నిలబడి, మళ్ళీ బకెట్టు ఎత్తుకుంది. "చూద్దాంలే. నా కాడికొచ్చి ఎవరన్నా రెండో మాట చెబితే అయినట్టు. చెప్పకపోతే కానట్టు."

ఆ సాయంత్రం నా డైరీలో ఆ మాట రాసుకున్నాను. డైరీ అంటే మా నాన్నకు పురుగుమందుల కొట్టువాళ్ళు ఇచ్చినది. ఏటా ఇచ్చేవాళ్ళు. నాన్న ఏమీ రాసేవాడు కాదు కాబట్టి అది నాదయ్యేది.

నేను ఆరో తరగతిలో ఉండగా గురవయ్య గారు పోయారు. పెద్దమ్మ తర్వాత ప్రెసిడెంటు అయింది ఆయనే. కాబట్టి ఆనవాయితీ ప్రకారం ఆయన్ని వాగు గట్టున, సాంబయ్య పెదనాన్న పక్కన పూడ్చాలి. గొయ్యి తవ్వడం మొదలుపెట్టగానే తూర్పు బజారు మగవాళ్ళు అడ్డం వెళ్ళారు. ముందు నిలబడింది ప్రసాదన్న, సాంబయ్య పెదనాన్న తమ్ముడి కొడుకు. చిలకలూరిపేటలో పత్తి వ్యాపారం చేసేవాడు, ఊళ్ళో పార్టీని చేతిలోకి తీసుకోవాలని చూస్తున్నాడు. "మా పెదనాన్న పక్కన వీణ్ణెట్టా పెడతారు? బతికినన్నాళ్ళూ ఆయన్ని కాల్చుకు తిన్నాడు. ఆ చివరెక్కడన్నా పూడ్చుకోండి" అని అరుస్తున్నాడు. పడమటి బజారువాళ్ళు పలుగులు కింద పెట్టలేదు. ఆ పలుగుల్ని చూసి మా అమ్మ నన్ను వెనక్కి లాగింది. అప్పుడు పెద్దమ్మ వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి, గేదెల దగ్గరినుంచి అలాగే వచ్చినట్టుంది.

"ఒరేయ్ ప్రసాదూ, మీ పెదనాన్న ఎలక్షన్లో ఎవరి మీద గెలిచాడురా?"

"ఏంది పెద్దమ్మా, ఇప్పుడదా?"

"చెప్పు, ఎవరి మీద?"

"ఈ గురవయ్య మీదే."

"మరి ఈయన్ని ఇక్కణ్ణించి తీసేస్తే, మీ పెదనాన్న ఎవరి మీద గెలిచాడని చెప్పుకుంటారురా రేపు? పోటీ లేకుండా గెలిచాడంటారా?"

జనంలో ఎవరో నవ్వారు. నవ్విందెవరో తెలియలేదుగాని అది తూర్పు వైపునుంచే వచ్చింది. పెద్దమ్మ ఊరుకోలేదు. "మీ పెదనాన్నకి ఒంటరిగా ఉంటే తోచదురా. ఎవరితోనన్నా పోట్లాడాలి. పక్కన ఈయనుంటే ఇద్దరికీ పొద్దుపోద్ది" అంది. పలుగు మళ్ళీ నేలను తాకిన చప్పుడు వినిపించింది. ప్రసాదన్న ఫోన్ వచ్చినట్టు పక్కకి వెళ్ళిపోయాడు.

ఆ ఏటినుంచి పెద్దమ్మ మూడు సమాధులకు సున్నం వేసింది. గురవయ్య గారి కోడలు ఆదెమ్మక్క మొదటి ఏడు దూరంగా నిలబడి చూసింది, రెండో ఏడు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. గురవయ్య గారి దగ్గర పెద్దమ్మ చెప్పే రెండు మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. "పడమటి బజారుకి కుళాయిలు తెచ్చావు గురవయ్యన్నా. తూర్పు బజారులో పైపు పగిలితే కక్షకొద్దీ బాగుచేయించలా, అది తప్పు." అంతటితో అయిపోవాలి. పెద్దమ్మ మాత్రం తడి సున్నం మీద అరచెయ్యి పెట్టి, నాకు వినపడకుండా ఇంకేదో అనేది. మా ముగ్గురిలో నోరున్నది ఆమె ఒక్కతే. ఆమే గొంతు తగ్గించి మాట్లాడుతుంటే నాకు వింతగా ఉండేది.

ఇంటర్ రెండో ఏడాది చదువుతుండగా జరిగిన సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ ఏడు పంచాయతీ ఎలక్షన్లు. మా వైపు నామినేషన్ వేసేముందు కాగితాలు తమ పాత నాయకుడి సమాధి మీద పెట్టి దణ్ణం పెట్టి వెళ్తారు. ముందు రోజే మేము కొత్తగా సున్నం వేసి ఉన్నాం. సున్నం కింద పేర్లు మూసుకుపోయాయి, అక్షరాలు రాసేవాడు ఇంకా రాలేదు. మూడు సమాధులూ ఒకే తీరున తెల్లగా ఉన్నాయి. మిగిలిన సున్నంతో మేము గట్టు మీద రాళ్ళకు వేస్తుండగా మోటార్‌సైకిళ్ళు, డప్పులు, వాటి వెనక ప్రసాదన్న కారు వచ్చాయి. ముందొచ్చిన కుర్రాళ్ళు చిలకలూరిపేటనుంచి పిలిపించుకున్నవాళ్ళు, మా ఊరి సంగతి తెలియదు. కాస్త ఎత్తుగా కనిపించిన సమాధి చూసి దానికి పార్టీ కండువా కప్పారు, దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. ప్రసాదన్న ఫోన్ మాట్లాడుతూనే దిగి, రాహుకాలం వస్తుందని హడావిడిపడుతూ, కండువా కప్పి ఉన్న సమాధి మీద కాగితాలు పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టాడు. ఫోటోలు తీశారు. అది గురవయ్య గారి సమాధి.

నేను పెద్దమ్మ చెయ్యి పట్టుకుని గుంజాను. ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కి ఊరుకోమంది. ప్రసాదన్న వచ్చి ఆమె కాళ్ళకు మొక్కాడు. "పెద్దమ్మా, దీవించు."

"నేనెందుకురా, పెద్దాయన దీవించాడుగా" అంది పెద్దమ్మ, గంభీరంగా.

కార్లు వెళ్ళిపోయాక ఆమె గట్టు మీద కూలబడి, దగ్గు వచ్చేదాకా నవ్వింది. "మాయన ఒకసారి గురవయ్యతో అన్నాడే, నీకు మా కండువా కప్పించుకునే యోగం ఈ జన్మలో లేదని. చూడు, కప్పించుకుని పడుకున్నాడు!" ప్రసాదన్న గెలిచాడు. గెలిచిన సంబరానికి సెంటర్లో పెట్టిన ఫ్లెక్సీ మీద ఆ ఫోటోనే వేయించాడు. సమాధి మూల పగులు చూసి ఆదెమ్మక్క గుర్తుపట్టింది. పడమటి బజారు టీకొట్టు వారం రోజులు నవ్వింది. తర్వాతి ఎలక్షన్లకు ప్రసాదన్న కాగితాలు మూడు సమాధుల మీదా పెట్టి మరీ వెళ్ళాడు. ఏది కలిసొచ్చిందో తెలియదు కదా, భయం.

నేను డిగ్రీకి నరసరావుపేట వచ్చాక సెలవులకు వెళ్ళినప్పుడే ఆమెకు పేపరు చదివేదాన్ని. అప్పటికి మోకాళ్ళు వాచి అరుగు దిగడం కష్టమైంది. ఒకరోజు ఎక్కడో ఒక ఊళ్ళో సర్పంచి కుర్చీలో ఆమె భర్త కూర్చుని మీటింగు నడిపిస్తున్నాడని చిన్న వార్త వచ్చింది. చదివి పక్క వార్తకు పోబోతుంటే, "అది మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివాను. ఆమె కళ్ళజోడు తీసి, దానికున్న నల్లదారాన్ని వేలికి చుట్టుకుంది.

"మాయన నా కుర్చీలో కూర్చోలా. అంత మర్యాద తెలుసు. నా ఎనక ఇంకో కుర్చీ ఏయించుకుని కూర్చునేవాడు" అంది. "ఆ రోజు పంచాయతీలో కుళాయి పైపుల మాట వచ్చింది. పడమటోళ్ళు మనకి ఓటెయ్యలా, పైపులు తూర్పు బజారుకే చాలన్నారు. ఎనకనించి మాయన 'చెయ్యెత్తు' అన్నాడు. ఎత్తాను. నాకు నోరు లేదా? ఇంట్లో అన్నం పెట్టేటప్పుడు ఆయన్ని నేను అననిది లేదు. ఆ కుర్చీలో కూర్చుంటే రాలా. ఒక్క మాట రాలా."

నేను పేపరు మడిచి పెట్టాను.

"పడమటి బజారు ఆడోళ్ళు మన వీధి బోరు కాడికొచ్చి నీళ్ళు మోసకపోయేవాళ్ళు. ఐదేళ్ళు. ఆదెమ్మ అప్పుడు నీళ్ళోసుకుని ఉంది. చంకలో బిందె, చేతిలో బిందె. ఇదిగో, ఈ అరుగు కాడే ఆగి ఊపిరి పీల్చుకుని పోయేది. మంచినీళ్ళు కూడా తాగేది కాదు నా ఇంట్లో. నా వంక చూసేది కాదు."

గురవయ్య గారి సమాధి మీద చెయ్యి పెట్టి ఆమె ఏమనేదో నాకు అప్పుడు తెలిసింది. "అందుకేనా పెద్దమ్మా, నన్ను మాట్లాడమని అన్నేళ్ళు సతాయించింది?" అని అడిగాను.

"అబ్బో, నీకోసమా? పేపరు చదవడానికి ఒక పిల్ల కావాలి, అంతే" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఆ పైపుల మాట చెప్పు, నేను పోయాక. మొహమాటపడమాక. మంచి చెప్పడానికి చానామంది ఉంటారు. వాళ్ళకి అన్నాలు పెట్టానుగా" అంది.

ఆమె పోయింది మిరపకాయలు కల్లాల్లో ఆరబోసిన రోజుల్లో. ఊరంతా ఎర్రగా, ఘాటుగా ఉంది. ఏడుస్తున్నామో తుమ్ముతున్నామో తెలియలేదు. ప్రసాదన్నే అప్పుడు ప్రెసిడెంటు. దగ్గరుండి అన్నీ చేయించాడు, ఆ మాట చెప్పాలి. వాగు గట్టున గురవయ్య గారి పక్కన చోటుంటే అక్కడ పూడ్చారు. ఆమె కూడా ఒకప్పటి ప్రెసిడెంటని అక్కడ పూడ్చారా, సాంబయ్య గారి భార్య అనా అంటే, రాయి పెట్టించాక తెలిసింది. 'మాజీ ప్రెసిడెంటు సాంబయ్య గారి ధర్మపత్ని' అని చెక్కించాడు.

ఆ ఏటి పెద్దల అమావాస్యకు నేను ఒక్కదాన్నే సున్నం బకెట్టు పట్టుకుని వెళ్ళాను. కొత్త సమాధి అని చాలామంది వచ్చారు. పడమటి బజారువాళ్ళు కూడా. పెద్దమ్మ ఉన్నప్పుడు రానివాళ్ళు ఆమె కోసం వచ్చారు. మొదటి మూడు సమాధుల దగ్గర కొందరు మొహమాటంగానే రెండు మాటలూ చెప్పారు. పెద్దమ్మ దగ్గరికి వచ్చేసరికి అందరూ మంచే చెప్పారు. "మహాతల్లి. ఆమె చేతి అన్నం తిననోళ్ళు లేరు." "నోట్లో నాలిక లేని మనిషి." ఆ చివరి మాట విని నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ప్రసాదన్న దండ వేసి, దణ్ణం పెట్టి, "ఇంక పోదాం పదండి" అన్నాడు. జనం కదిలారు.

నేను కుంచె పట్టుకుని అక్కడే ఉన్నాను. చూద్దాంలే అన్న పెద్దమ్మ గొంతు తప్ప నా చెవుల్లో ఇంకేమీ లేదు. నేను నోరు తెరిచాను. ఏదో అన్నాను. పక్కనున్న ఆదెమ్మక్క నా వైపు వంగి, "ఏందమ్మాయ్? ఇనపడటంలా. ఇంకొంచెం గట్టిగా చెప్పు" అంది.

"పెద్దమ్మా" అన్నాను. "నువ్వు ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు పడమటి బజారుకి పైపులు వద్దని చెయ్యెత్తావు. అది తప్పు."

వెళ్తున్నవాళ్ళు ఆగిపోయారు. ప్రసాదన్న గబగబా వెనక్కి వచ్చాడు. "ఏంది శ్రావణీ ఇది? పోయిన ఆడమనిషిని అట్టా అంటారా ఎవరన్నా? ఆమెకేం తెలుసు పాపం, మా పెదనాన్న చెప్పినట్టు చేసింది."

 ఆయనకు ఎదురు చెప్పడానికి నా దగ్గర పెద్ద మాటలేవీ లేవు. ఉన్నది ఒక్కటే. "ఆమే ప్రెసిడెంటు అన్నా" అన్నాను.

 ఆదెమ్మక్క ముందుకు వచ్చింది. నా చేతిలోంచి కుంచె తీసుకుని బకెట్లో పెట్టింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని సమాధి ఎదురుగా నిలబడింది, అచ్చం పెద్దమ్మలాగే. "అవును. ఐదేళ్ళు మోశాను. కడుపుతో మోశాను. ఈ నడుం ఇప్పటికీ అట్టాగే ఉంది" అంది.  "నీదే తప్పు, ప్రెసిడెంటమ్మా."

ఆ పేరుతో ఆమెను ఎవరైనా పిలవడం నేను వినడం అదే మొదటిసారి. తర్వాత ఆదెమ్మక్క తడి సున్నం మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంది. వెనకనుంచి ఇంకో ఆడమనిషి, "అవును ప్రెసిడెంటమ్మా, మా అమ్మ కూడా మోసింది" అంది. ఇంకొకరు ఏదో అన్నారు. ప్రసాదన్న తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. నేను మొదటి మాట చెప్పడం మరిచిపోయానని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే వెళ్ళి చెప్పివచ్చాను. అది ఇక్కడ రాయను.

నేనిప్పుడు కాలేజీ ఆఫీసులో చిన్న ఉద్యోగం చేస్తున్నాను. ఇప్పటికీ సిగ్గరినే. మీటింగుల్లో చివరి కుర్చీలోనే కూర్చుంటాను. అందరూ మెచ్చుకుంటున్న సంగతిలో తప్పు కనిపిస్తే అరచేతులు చెమటపడతాయి, అయినా లేచి చెబుతాను. నా డైరీలో మనుషుల గురించి రాసేటప్పుడు రెండు మాటలూ రాస్తాను. ఒక్కటే రాస్తే ఆ మనిషిని తక్కువ చేసినట్టు అనిపిస్తుంది. రాయి మీద ఇంకా 'ధర్మపత్ని' అనే ఉంది. ఏటా దాని మీద నేను రెండు పూతలు సున్నం ఎక్కువ వేస్తాను. ఈమధ్య అక్షరాలు కనపడటం లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గోడ సగం తెల్లబడింది. పనివాళ్ళు నిచ్చెన దించుతున్నారు. నీళ్ళు పోయని గడ్డలు గోనెసంచిలో కొన్ని మిగిలి ఉన్నాయి. వచ్చే వారం పెద్దల అమావాస్య. "కాస్త సున్నం ఇస్తారా?" అని అడిగాను.

"దేనికి మేడమ్?"

"మా ఊళ్ళో ప్రెసిడెంటు గారి సమాధికి."

"ఓహో. ఎప్పటాయన?"

"ఆయన కాదు, ఆమె" అన్నాను. అప్పుడే రోడ్డు మీద లారీ ఒకటి వెళ్ళింది. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటి మేడమ్?" అన్నాడు.

ఇంకొంచెం గట్టిగా చెప్పాను.